కల్దారుకు హాలీ

హుస్సేన్ సాగర్‌కు ఇవతల ఒక రూపాయి, అవతల ఇంకో రూపాయి నడిచిన కాలంలో మా వంశం పైకి వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో చెల్లేది ఇంగ్లీషువాళ్ళ రూపాయి. దాన్ని కల్దారు అనేవారు. కట్ట దాటి హైదరాబాద్‌లో అడుగు పెడితే నిజాం గారి హాలీ సిక్కా. అటు వెళ్ళి బట్టలు కొనాలన్నా ముందు మా తాత దుకాణం మెట్లెక్కి డబ్బు మార్చుకోవాల్సిందే. తాత ప్రతి నాణేన్నీ నల్లరాతి పలక మీద మోగించి, చెవితో విన్నాకే తీసుకునేవాడట. సొంత తమ్ముడు తెచ్చినా అంతే. ఎవరూ తప్పు పట్టేవారు కారు. మోగించకుండా పెట్టెలో వేస్తేనే, తమ సొమ్మును లెక్కచేయలేదని చిన్నబుచ్చుకునేవారట.

హాలీ రద్దయ్యాక మార్చడానికేమీ మిగల్లేదు. దుకాణం పోయింది. బన్సీలాల్‌పేట్‌లోని ఇల్లు ముక్కలై చేతులు మారింది. నాన్న దాచుకున్న ఒక కల్దారునూ ఒక హాలీనీ మోగిస్తూ నాకు మోత పోల్చడం నేర్పాడు. తర్వాత అవీ పోయాయి. మెట్టుగూడలో అద్దె ఇంట్లో ఉంటున్నాను గానీ, ఇంతవరకు ఎవరి ముందూ మెడ వంచలేదు.

అలాంటి నేను పోయిన ఏడాది డబ్బు మార్చే కౌంటర్‌కు ఇవతలి పక్క, వరసలో నిలబడ్డాను. మస్కట్‌లో నర్సుగా చేస్తున్న మా మరదలి కూతురు రమ్మని పిలిచింది. టికెట్లు తానే పంపుతానంది, నేను ఒప్పుకోలేదు.

"అంకుల్, జెర పక్కకు జరుగుండ్రి. పాస్‌పోర్ట్ జిరాక్స్ ఏదీ?" అన్నాడు కౌంటర్‌లోని ఉద్యోగి.

"మీ తాత గద్దె మీద గిప్పుడు గాయన కూసున్నడు. కోపం జెయ్యకుండ్రి," అని నా భార్య చెవిలో గొణిగింది.

నేనిచ్చిన రూపాయల బొత్తికి బదులుగా పల్చటి రియాల్ నోట్లు కొన్ని చేతికొచ్చాయి. ఒక్క రియాల్‌లో వెయ్యి బైసాలట. ఇంత తేలికైన కాగితంలో అంత బరువు ఎలా దాగిందా అని దారంతా జేబు తడుముకుంటూనే ఉన్నాను.

మస్కట్‌లో పాత బజారు సముద్రాన్ని ఆనుకునే ఉంది. సాంబ్రాణి పొగలో నడుస్తుంటే నా భార్య ఒక వెండి దుకాణం ముందు ఆగిపోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆమె చేతి కడియాలు మా అమ్మ వైద్యానికి అమ్మేశాం. ఆ మాట ఆమె మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. అక్కడ మాత్రం ఒక జత కడియాలు చూపించి, "గివి తీసుకుందామా?" అంది. పెళ్ళయ్యాక ఆమె నన్ను అడిగిన మొదటి వస్తువు అదే.

నోట్లిచ్చాను. దుకాణదారుడు మిగతా చిల్లర చేతిలో పెట్టాడు. ఆ తర్వాత జరిగింది నా చెయ్యి తనంతట తాను చేసిన పని. ఆ నాణేలను ఒక్కొక్కటిగా అద్దాల బల్ల మీద మోగించి, తల పక్కకు వంచి విన్నాను.

అతని ముఖం మాడిపోయింది. "నేను దొంగ నాణేలిస్తానా?" అని మనకు తెలిసిన హిందుస్తానీలోనే అడిగాడు. నా నోట్లు నా వైపు తోసేసి, చిల్లర లాక్కుని, కడియాలు బీరువాలో పెట్టేశాడు. వాటికోసం చాచిన నా భార్య చెయ్యి అలాగే ఉండిపోయింది.

"గిదేం పనండీ? ఆయనేమన్న మీ తాత దుకాణానికొచ్చిండా?" అంది ఆమె.

క్షమించమనడం మా ఇంట్లో ఎవరికీ రాని విద్య. "నాణెం తీసుకోవడానికి మా ఇంటి పద్ధతి ఇది. సొంత తమ్ముడిచ్చినా ఇంతే," అని దుకాణదారుడికే హిందుస్తానీలో చెప్పాను.

లోపల పరుపు మీద ఆనుకుని కూర్చున్న ముసలాయన, అతని తండ్రి, పెద్దగా నవ్వాడు. "మా నాన్నదీ అదే పద్ధతి. మీదే ఊరు?"

"సికింద్రాబాద్."

ఆయన ఒక రేకు డబ్బా, అరిగిపోయిన పాలరాతి ముక్క ముందు పెట్టుకున్నాడు. "కళ్ళు మూసుకోండి సేఠ్," అన్నాడు.

మొదటి నాణెం గట్టిగా, సాగుతూ మోగింది. "కల్దారు," అన్నాను. ఔనన్నాడు, ఒకప్పుడు అక్కడా అదే నడిచిందట. రెండోది గంటలా లోతుగా పలికింది. అది నాకు తెలియదన్నాను. మూడోది మోగింది. కాస్త పొట్టిగా, తియ్యగా, చివర సన్నని గరుకు. నాన్న మోకాళ్ళ దగ్గర కూర్చుని విన్న మోత. కళ్ళు తెరవకుండానే, "హాలీ," అన్నాను.

ఆయన అరచేతిలో వెండి నాణెం, దాని మీద చార్మినార్. నిజాం కొలువులో పనిచేసి తిరిగొచ్చిన అరబ్బు సిపాయిలు తెచ్చిన నాణేల్లో ఇదొకటట. మా ఊళ్ళోనే చెల్లకుండా పోయిన డబ్బు సముద్రం దాటి, ఈ డబ్బాలో గొంతు చెడకుండా బతికే ఉంది.

కొడుకు కడియాలు తీసి నా భార్య ముందు పెట్టి, నోట్లు అందుకున్నాడు. ఈసారి చిల్లర అతనే బల్ల మీద మోగించి మరీ ఇచ్చాడు.

"ఇది మీ ఊరిది, తీసుకోండి," అని ముసలాయన హాలీని అందించాడు.

"మా ఇంట్లో సిక్కాను ఊరికే తీసుకోరు, మారుస్తారు," అని నా జేబులోని మన రూపాయి బిళ్ళ ఇచ్చాను. ఆయన దాన్ని పాలరాతి మీద మోగించాడు. ఉక్కు బిళ్ళ టక్కుమని చప్పగా పలికింది. అయినా ఆయన తల పక్కకు వంచి చివరిదాకా విని, మర్యాదగా డబ్బాలో వేసుకున్నాడు.

బయటికొచ్చాక నా భార్య కడియాలు తొడుక్కున్న రెండు చేతులూ నా చెవి పక్కన ఒకదానికొకటి తాకించింది. "గివి సుత ఇనుండ్రి. అసలువేనా?"

విన్నాను. అసలువే.