డిస్కులో ఉన్న మూల

మా ఇంట్లో టీవీ కింద అరలో ఒక డిస్కు ప్లేయరు ఉంది. ఈ రోజుల్లో ఎవరింట్లోనూ అది కనపడదు, ఉన్నా అటక మీద ఉంటుంది. మాది ఇంకా అరలోనే ఉండటానికి కారణం దాని మీద ప్రేమ కాదు, దాని మీద పరిచిన లేసు గుడ్డ. ఆ గుడ్డ మా అత్తగారు పరిచింది. గుడ్డ తియ్యాలంటే ఆవిణ్ణి అడగాలి. ఆవిణ్ణి అడిగే ధైర్యం మా ఆయనకీ లేదు, నాకూ లేదు. అందుకని ప్లేయరు కూడా అక్కడే ఉండిపోయింది.

మాది నరసాపురం పక్క ఊరు. నేను రాజమండ్రి నించి కోడలిగా వచ్చిన మొదట్లో ఇక్కడి లేసు పని చూసి, ఆడవాళ్ళందరికీ అంతా వచ్చేమో అనుకున్నాను. అదేం కాదు. పువ్వులు అల్లేవాళ్ళు పువ్వులే అల్లుతారు. అంచులు అల్లేవాళ్ళు అంచులే అల్లుతారు. పక్కింటావిడకి వచ్చింది ఎదురింటావిడకి రాదు. ఈ ముక్కలన్నీ తెచ్చి ఒక పెద్ద గుడ్డగా కలిపేవాళ్ళు వేరే ఉంటారు. దాన్ని అతుకు పని అంటారు. మా అత్తగారిది అతుకు పని. పువ్వులు తెచ్చిచ్చినవాళ్ళు ఆవిడ ముందు కాస్త ఒదిగి కూర్చునేవారు. ఒక పువ్వు రేక బిగుసుకుపోతే ఆవిడ ఏమీ అనదు, తీసి పక్కన పెడుతుంది. ఆ పక్కన పెట్టడానికే అందరూ భయపడేవారు.

అలా ఆవిడ కలిపిన గుడ్డలన్నీ మూటలుగా కట్టి షావుకారు పంపిన బండిలో వెళ్ళిపోయేవి. ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరుచుకున్నారో మాకు తెలీదు. ఇంట్లో టీవీ మీద, ఫ్రిజ్ మీద ఉన్నవన్నీ మిగిలిపోయిన ముక్కలతో చేసినవే. ఒకసారి నేను అడిగాను కూడా, ఒక్క నిండు గుడ్డ అయినా ఉంచుకోలేదేం అత్తయ్యా అని. ఆవిడ నా మాట చెవిని వేసుకోలేదనుకున్నాను. తరవాత కొన్నాళ్ళకి చూస్తే, మా భోజనాల బల్లని జానలతో కొలుస్తోంది. మొదటిసారి మా ఇంటి కోసం ఒక బల్లగుడ్డ మొదలుపెట్టింది.

పువ్వులన్నీ కలిపింది. చుట్టూ అంచు వేసుకుంటూ మొదటి మూలకి జానెడు దూరం దాకా వచ్చింది. అక్కడ ఉండగా ఆవిడకి పక్షవాతం వచ్చింది.

మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. నడక వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం రాలేదు. ఆస్పత్రి నించి ఇంటికి వచ్చిన వారంలోనే ఆవిడ ఆ గుడ్డ తీయించి నా ఒళ్ళో పెట్టింది. సూది ఇంకా దానికే గుచ్చి ఉంది. "నువ్వు కానియ్యమ్మా" అంది. నాకు లేసు రాదు. ఆవిడ పక్కన కూర్చుని చెప్తూ ఉంటే గొలుసు కుట్టు, పొడుగు కుట్టు నేర్చుకున్నాను. విప్పడం ఎక్కువ నేర్చుకున్నాను. ఎలాగోలా మూల దగ్గరికి వచ్చాను. అక్కడ ఆవిడ ఆగిపోయింది. ఎడం చేత్తో గాల్లో ఏదో తిప్పి చూపించింది, కళ్ళు మూసుకుంది, మళ్ళీ తిప్పింది.

"చేతికొచ్చమ్మా. నోటికి రావట్లేదు" అంది.

మూల తిప్పడం ఎవరి పద్ధతి వాళ్ళదట. సరిగా తిరక్కపోతే గుడ్డ బల్ల మీద పరచగానే ఆ మూల పైకి లేస్తుంది. వీధి చివర అతుకు పని చేసే ఇంకొకావిడ ఉంటే పిలిచాను. ఆవిడ పాపం కాఫీ తాగినంతసేపట్లో తిప్పేసి వెళ్ళింది. నా కళ్ళకి బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు పొద్దున్న చూద్దును కదా, ఆ మూలంతా విప్పేసి దారం ఉండలా చుట్టి ఉంది. అత్తగారే ఎడం చేత్తో, ఒక్కతే కూర్చుని విప్పింది. "అది ఆవిడ గుడ్డమ్మా, నాది కాదు" అంది. ఆ రోజు నించీ గుడ్డ అడగడం మానేసింది. భోజనానికి కూర్చున్నప్పుడల్లా బల్ల అంచుని ఎడం చేత్తో తడమడం మాత్రం మానలేదు.

డిస్కు సంగతి నాకే గుర్తొచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఊళ్ళో లేసు నేర్పే తరగతులు పెడితే అత్తగారు పాఠం చెప్పింది. దాన్ని వీడియో తీయించి ఆవిడకో డిస్కు ఇచ్చారు. ఇందులో వెతికి, అందులో వెతికి, బీరువాలో పట్టుచీరల కింద పట్టుకున్నాను. మూల తిప్పడం కూడా చెప్పారా అత్తయ్యా అంటే, "అదే చెప్పాను. మిగతాది అందరికీ వచ్చుగా" అంది. ఆవిడ మొహంలో వెలుగు చూడటం అన్నాళ్ళలో నాకు అదే మొదటిసారి.

ప్లేయరు మీద లేసు గుడ్డ ఆవిడే తీసింది. డిస్కు పెట్టాను. కాసేపు గుర్రుమంది. ఈ రకం డిస్కు చదవలేను అని టీవీలో అక్షరాలు పడ్డాయి. తుడిచి పెట్టాను, అదే మాట. పక్కింటివాళ్ళ పాత ప్లేయర్లో పెట్టాను, అది ఆ మాట కూడా అనలేదు. లాప్‌టాప్‌కి డిస్కు పెట్టుకునే చోటే లేదు. అప్పుడు వీడియో తీసినాయన ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాడు. ఆయన దగ్గరికీ వెళ్ళాను. "అప్పట్లో కొత్త కెమేరాతో తీశానండి, హెచ్‌డీ అండి, మామూలు ప్లేయర్లకి అందదండి" అన్నాడు గర్వంగా. ఆ గర్వం చూసి నా ఒళ్ళు మండింది.

ప్లేయరు అట్టపెట్టె మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి ఒక అమ్మాయి పలికింది. "మీ ప్లేయరు సాఫ్ట్‌వేర్ పాతదండి. అప్‌డేట్ చేసుకుంటే ఆ డిస్కులు కూడా చదువుతుందండి" అంది. ఫైల్ ఎక్కడ దొరుకుతుందో, పెన్‌డ్రైవ్‌లోకి ఎలా ఎక్కించాలో ఓపిగ్గా చెప్పింది. పెన్‌డ్రైవ్‌లో ఇంకేమీ ఉండకూడదంది. అప్‌డేట్ అవుతున్నంతసేపూ కరెంటు పోకూడదు, పోతే ప్లేయరు ఇంక లేవదు అని కూడా చెప్పింది. మా ఊళ్ళో కరెంటు పోకూడదట. ఆ అమ్మాయి ఎక్కడ కూర్చుని మాట్లాడుతోందో గానీ అదృష్టవంతురాలు.

ఇంట్లో ఉన్నది ఒకే పెన్‌డ్రైవ్, మా ఆయన కారులో పాటలది. ఆయనకి చెప్పకుండానే ఖాళీ చేశాను. చెప్తే, చెరువు దగ్గరున్న పని ఎక్కడ, ఈ డొక్కు ప్లేయరు ఎక్కడ అంటారు. మాకు రొయ్యల చెరువు ఉంది. ఆయన దృష్టిలో కరెంటన్నా, జనరేటరన్నా రొయ్యల కోసమే పుట్టాయి.

తీరా చూస్తే పెన్‌డ్రైవ్ ప్లేయర్లోకి దూరదు. తిరగేసి పెట్టాను, దూరదు. టార్చి వేసి చూస్తే ఆ సందు నిండా గంధం. ప్రతి దసరాకీ ఆయుధపూజ చేసేటప్పుడు అత్తగారు ఇంట్లో ఉన్న మిషన్లన్నిటికీ గంధం, కుంకుమ పెడుతుంది. మిక్సీకి, కుట్టుమిషనుకి, మా ఆయన మోటారుసైకిలుకి పెట్టినట్టే దీనికీ పెట్టింది. పెట్టడానికి అనువుగా ఆ చిన్న సందు దొరికింది. అన్నేళ్ళ గంధం అందులో గట్టిపడిపోయింది. పిన్నీసుతో గీకుతూ కూర్చున్నాను. ఆవిడ పక్కన నిలబడి చూస్తోంది.

"చెయ్యి మెల్లిగా ఆడించమ్మా. గోడకి వేసిన సున్నం కాదు" అంది.

"పెట్టేటప్పుడు మెల్లిగా పెట్టుంటే సరిపోయేది కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ నవ్వింది.

కరెంటు సంగతికి ఒక ఉపాయం చేశాను. ఇన్వర్టరు మా ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే. పడగ్గదిలో మటుకు ఒక ప్లగ్గుకి ఇచ్చారు. అక్కణ్ణించి హాల్లోకి వైరు లాగి, చివర ఎక్స్‌టెన్షన్ డబ్బా పెట్టి, దానికి ప్లేయరు తగిలించాను. టీవీ మామూలు ప్లగ్గుకే ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాను. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని టీవీలో పడింది. అంతా బాగానే ఉందనుకుంటూ ఉండగా ఆకాశం ఉరిమింది.

ఉరుము అంటే మా ఇంట్లో ఏంటో చెప్పాలి. ఎప్పుడో ఒక పిడుగుకి టీవీ కాలిపోయిందట. ఆనాటి నించీ మొదటి ఉరుము వినగానే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకెయ్యడం అత్తగారి పని. అన్నం తింటున్నా లేచి వెళ్తుంది. జబ్బు చేశాక ఆవిడ ఇంట్లో ఏ పనీ చెయ్యలేకపోతోంది గానీ, ఈ ఒక్కటీ ఎవరికీ ఒప్పగించలేదు. ఇప్పుడూ అంతే. నేను తల తిప్పేలోగా ఫ్రిజ్ ప్లగ్గు పీకింది. మిక్సీ ప్లగ్గు పీకింది. గోడ పట్టుకుని వచ్చి టీవీ ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది. ఆవిడ వంగి ఎక్స్‌టెన్షన్ డబ్బా మీద చెయ్యి వేసింది.

"అత్తయ్యా, అదొక్కటీ వద్దు. అది పీకితే మూల పోతుంది" అన్నాను.

ఆవిడ చెయ్యి అక్కడే ఉంది. మళ్ళీ ఉరిమింది, ఈసారి దగ్గర్లో. "పిడుగు పడితేనో?" అంది. పడితే పడనివ్వండి అన్నాను. ఆవిడ చెయ్యి తీసింది. తీసి అక్కడే, డబ్బా పక్కనే, నేల మీద కూర్చుంది. జబ్బు చేశాక ఆవిడ నేల మీద కూర్చోవడం అదే మొదలు.

గాలి లేచింది, కరెంటు పోయింది. ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది, ఇన్వర్టరు అందుకుంది. ఇల్లంతా మసకగా ఉంది. ప్లేయరు ముందువైపున చిన్న దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. టీవీ లేదు కాబట్టి ఎంతవరకూ అయిందో తెలీదు. ఇద్దరం నేల మీద కూర్చుని ఆ దీపాన్నే చూస్తున్నాం. బయట వాన మొదలైంది. ఆవిడ ప్రతి ఉరుముకీ డబ్బా వైపు చూస్తోంది, నా వైపు చూస్తోంది, ఊరుకుంటోంది. నేను మొక్కుకోలేదు అంటే అబద్ధమే. చివరికి ఆ దీపం ఆరి, కాసేపు ఆగి, తనంతట తనే నిలకడగా వెలిగింది.

వాన తగ్గి కరెంటు వచ్చాక టీవీ పెట్టాను. డిస్కు లోపలికి వెళ్ళింది, గుర్రుమంది, బొమ్మ వచ్చేసింది. నేను చప్పట్లు కొట్టాను కూడా.

బొమ్మలో ముందు తామరపువ్వు విచ్చుకుంది. అందులోంచి అత్తగారి మొహం గుండ్రంగా తిరుగుతూ వచ్చింది. వెనక సన్నాయి మేళం. ఆ వీడియో తీసినాయన పెళ్ళిళ్ళ వీడియోలు తీసే మనిషి. ఆయనకి అదే వచ్చు, అదే చేశాడు. నేర్చుకునే ఆడపిల్లల్ని పెళ్ళికొచ్చిన చుట్టాల్లా వరసగా నిలబెట్టాడు. అత్తగారి నెక్లెసు దగ్గరికి వెళ్ళాడు, గాజుల దగ్గరికి వెళ్ళాడు, వేలి ఉంగరం తెరనిండా చూపించాడు. ఉంగరం పక్కన సూది ఆడుతున్నట్టు తెలుస్తోంది, ఏం కుడుతోందో కనపడదు. మళ్ళీ మొహం. పైన్నించి పూలరేకులు. ఆవిడ చెప్తున్న మాటలన్నీ తీసేసి ఆసాంతం మేళం పెట్టాడు. మూల తిప్పే ఘట్టం మొత్తం ఆవిడ మొహమే ఉంది, వంచిన మొహం, ఆగకుండా కదులుతున్న పెదాలు.

నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆ సెల్‌ఫోన్ కవర్లాయన్ని అప్పటికప్పుడే వెళ్ళి కడిగేద్దామనుకున్నాను. ఆపేద్దామని రిమోట్ ఎత్తి అత్తగారి వైపు తిరిగాను.

ఆవిడ ముందుకి వంగి కూర్చుంది. కళ్ళార్పట్లేదు. పెదాలు కదులుతున్నాయి. మొదట దుఃఖమనుకున్నాను. కాదు. తెరలో పెదాలు ఎలా కదిలితే ఈవిడ పెదాలు అలా కదులుతున్నాయి. కాసేపటికి సన్నగా గొంతు కూడా వచ్చింది.

"ఐదు గొలుసులు... మధ్యది వదిలెయ్... వెనకనించి తీసి... వదులుగా, వదులుగా... మళ్ళీ అదే కన్నంలో..."

తన పెదాల్ని తనే చదువుకుంటోంది. నేను గుడ్డ కోసం పరుగెత్తాను. వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాను. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి కాస్త గట్టిగా. నేను కుట్టాను. తప్పు కుట్టాను. విప్పించింది. మళ్ళీ వెనక్కి తిప్పాను. సన్నాయి మళ్ళీ అక్కణ్ణించి ఎత్తుకుంది. సాయంత్రం దాకా మా ఇంట్లో పెళ్ళి మేళం మోగుతూనే ఉంది. మూల తిరిగింది. బల్ల మీద పరిచి అరచేత్తో రాశాను, లేవలేదు. ఆవిడ ఎడం చేత్తో తడిమింది, ఒకసారి కాదు.

రెండో మూల దగ్గరికి రావడానికి నాకు చాలా రోజులే పట్టింది. ఆ రోజు ముందుగా డిస్కు పెట్టి, తామరపువ్వు దాటించి, ఆవిడ మొహం దగ్గర సిద్ధంగా ఆపాను. సూది తీసుకుని కూర్చున్నాను. ఆవిడ కుర్చీ జరుపుకుని టీవీకి వీపు పెట్టి, నా ఎదురుగా కూర్చుంది.

"ఇంక టీవీలో ఆవిణ్ణి కట్టెయ్యమ్మా" అంది. "నేను చెప్తాను."