మింగిన తర్వాతే ఆమెన్

మాత్రల రేకు చిటుక్కుమంటే చాలు, నా చేతులు వాటంతటవే జతకలుస్తాయి. నిన్న మానుకోటలో జ్వరంతో మంచం పట్టిన ఒక పెద్దాయన కోసం ప్రార్థన చేయడానికి వెళ్ళాను. ఆయన కోడలు రేకు నొక్కి మాత్ర తీయగానే ఆ చిన్న చప్పుడు వినిపించింది. వెంటనే గ్లాసుడు నీళ్ళు తెమ్మన్నాను. నాకు దాహమేమో అనుకుని ఆమె చల్లటి నీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళ గ్లాసు వెనుక రాహేలు అవ్వ ఉందని ఆమెకు తెలియదు.

నేను కొత్తగా బోధకుడినై రఘునాథపల్లికి వచ్చేనాటికే అవ్వకు డెబ్బై దాటాయి. ఒకప్పుడు మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసింది. అది మూతపడ్డాక ఇంటింటికీ తిరిగి రోగులకు ప్రార్థన చేయడమే పనిగా పెట్టుకుంది. ఆమె పద్ధతి వేరు. ముందు మందు ఏదని అడిగేది. రోగి అరచేతిలో మాత్ర పెట్టి, దాని మీద తన చేయి ఉంచి ప్రార్థించేది. ప్రార్థన ముగింపుకొచ్చాక ఆగిపోయేది. రోగి మాత్ర వేసుకుని, నీళ్ళు తాగి, గుటక దిగిందని కంటితో చూశాకే "ఆమెన్" అనేది. మందు మింగనని మొండికేసిన వాళ్ళ ముందు అరగంటైనా కళ్ళు తెరుచుకుని కూర్చునేది. "నువ్వు మింగేదాక దేవుడు గూడ ఈడనే కూసుంటడు" అనేది. చాలామంది నవ్వాపుకోలేక మింగేసేవాళ్ళు.

నాకది చిన్నతనంగా ఉండేది. అవి తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజులు. ఊళ్ళో అందరి గొంతులూ పెద్దవయ్యాయి, నాది కూడా. ఆదివారం ఆరాధనలో స్వస్థత పొందినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పేవారు. అది చాలదనిపించింది నాకు. బాగైనవాళ్ళు తమ మందులు తెచ్చి కానుక పళ్ళెంలో వేయాలని ఒక కొత్త ఆచారం పెట్టాను. ఆ పళ్ళెంలో రేకులు పడుతుంటే నా ప్రార్థనకు బలం ఉందని పదిమంది ముందు రుజువైనట్టు ఉండేది. వాళ్ళ రోగం కంటే నా పేరే నాకు ముఖ్యమైందని అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు.

కొమురయ్య జనగామ మార్కెట్లో పత్తి బస్తాలు కుట్టేవాడు. అతనికి మూర్ఛలు. డాక్టరు మందు రాశాక, నేను ప్రార్థన మొదలుపెట్టాక, రెండు నెలలు ఒక్కసారి కూడా పడిపోలేదు. మందు మొదలైన సంగతి వదిలేసి, ప్రార్థన సంగతే నేను సంఘానికి చెప్పాను. ఒక ఆదివారం అతను మాత్రల రేకు పళ్ళెంలో వేశాడు. అందరూ స్తోత్రాలు చెబుతుంటే వెనుక వరుస నుంచి అవ్వ లేచి, అది తిరిగి ఇచ్చేయమంది. నీ నమ్మకం దేవుడి మీదా, మాత్ర మీదా అని అందరి ముందూ ఆమెను అడిగాను.

"ఆ మాత్ర చేసే తెలివి ఎవలిచ్చిన్రు పాస్టరయ్యా? దయ్యమిచ్చిందా?" అంది.

కొందరు నవ్వారు. నేను మాత్రం పాట ఎత్తుకుని ఆమె మాటను ముంచేశాను.

పది రోజులు గడవకముందే, బంద్ నాటి ఉదయం, కొమురయ్య భార్య లచ్చమ్మ ఏడుస్తూ వచ్చింది. మూర్ఛ మీద మూర్ఛ వస్తోంది, మనిషికి తెలివి రావడం లేదు. ఆమె వెంట వాళ్ళింటికి వెళ్ళి నేను మోకరించబోయాను. అప్పటికే అక్కడికి చేరిన అవ్వ నా భుజం పట్టి లేపి, ప్రార్థన ఆటోలో చేద్దామంది. బస్సుల్లేవు. పక్కింటి ఖాజా ఆటో తీశాడు. హైవే మీదికి రాగానే ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బంద్‌లో బండి ఎట్లా తీశావని ఒక యువకుడు ఖాజాను నిలదీశాడు. అవ్వ ఆటోలోంచి తల బయట పెట్టింది.

"తెలంగాణ అచ్చిననాడు సూడనీకె వీడు బతికుండాలె గద బిడ్డా. జర పొయ్యి జరుపున్రి" అంది.

ఆ యువకుడు లోపలికి తొంగిచూశాడు. ఉడుకుతున్న అన్నం గుండిగను నలుగురితో కలిసి ఎత్తి పక్కకు పెట్టించాడు. జనగామ దాకా ముందు బైకు మీద వెళ్ళి దారి ఇప్పించాడు కూడా.

దవాఖానలో డాక్టరు సూది మందు ఇచ్చి మూర్ఛలు ఆపాడు. మాత్రలు రోజూ వేస్తున్నారా అని అడిగాడు. లచ్చమ్మ నా ముఖం చూసింది. "ఏస్తున్నడు సారూ, ఒక్కనాడు ఇడువలే" అంది. నా పరువు కాపాడటానికి ఆమె అబద్ధం చెప్పింది. అయితే ఆ మందు ఇతనికి పనిచేయడం లేదన్నమాట, మార్చాల్సిందే అని డాక్టరు రాసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు.

అవ్వ నన్ను వరండాలోకి తీసుకుపోయింది. తిడుతుందనుకున్నాను.

"ప్రార్థన నాలుగూళ్ళకు ఇనబడేటట్టు చేస్తవ్. గీ ఒక్క మాట మెల్లగ చెప్పు సాలు" అంది.

తిరిగి లోపలికి వెళ్ళాను. మందు మాన్పించింది నేనేనని, ఎన్నాళ్ళయిందో కూడా చెప్పాను. డాక్టరు కోప్పడ్డాడు. అన్న మాటలన్నీ పడ్డాను. తర్వాత రాసింది కొట్టేసి, పాత మందే మళ్ళీ మొదలుపెట్టించాడు. సాయంత్రానికి కొమురయ్య కళ్ళు తెరిచి, నీళ్ళడిగాడు. అవ్వ అతని అరచేతిలో మాత్ర పెట్టి, దాని మీద నా చేయి పెట్టించింది. నేను మెల్లగా ప్రార్థించాను. చివర్లో ఆగాను. అతను మింగాడు. అవ్వ, లచ్చమ్మ, నేను ఆమెన్ అన్నాం.

ఆ ఆదివారం సంఘం ముందు జరిగిందంతా చెప్పి, పళ్ళెంలో పడ్డ మందులను ఎవరివి వాళ్ళకు ఇంటికెళ్ళి ఇచ్చి వచ్చాను. నాలుగు కుటుంబాలు మరో సంఘానికి వెళ్ళిపోయాయి. అవ్వ తన వెనుక వరుస వదిలి ముందుకొచ్చి కూర్చుంది. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు కన్నుమూసింది. కొమురయ్య ఇప్పటికీ బస్తాలు కుడుతున్నాడు. కలిసినప్పుడల్లా చొక్కా జేబులోని రేకు చూపిస్తాడు, నేను అడగకముందే. "ఉన్నయి పాస్టరయ్యా, పరేషాన్ గాకు" అంటాడు.

దేవుడు స్వస్థపరుస్తాడన్న నా నమ్మకం తగ్గలేదు, పెరిగింది. ఆయన నా చేతుల గుండానే పనిచేయాలన్న పంతమే పోయింది. నిన్న ఆ పెద్దాయన మంచం పక్కన ప్రార్థన ముగింపుకొచ్చి ఆగాను. అయిపోయిందనుకుని కోడలు కళ్ళు తెరిచింది. నేను గ్లాసు ఆయన చేతికి అందించాను. ఆయన మాత్ర నోట్లో వేసుకుని రెండు గుక్కలు తాగాడు, గొంతు కదిలింది.

ఆమెన్ అన్నాను.