మా అత్త ఊడదీసిన బ్రేకు డ్రమ్ము

నా చిన్నప్పుడు కోసపాళయంలో మా ఇంటిని ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. మా బట్టల దుకాణానికి వచ్చే బేళ్లు అందులోనే దించేవాళ్లు. బేళ్ల పక్కన మా మేనత్త భర్త, అంటే మా మామయ్య, తన కారు పెట్టుకునేవాడు. వాళ్లు అద్దెకున్న సందులోకి కారు పట్టదు. అందుకని సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కారు మా షెడ్డులో నిలిపి, మా తాతయ్యతో కాసేపు మాట్లాడి నడిచి ఇంటికి పోయేవాడు. అది మా ఊళ్లో ఫ్రెంచివాళ్ల పాలన పోయినప్పుడు ఊరు విడిచిపోతూ ఒక దొర అమ్మేసి వెళ్లిన పాత కారు. బూడిద రంగు, గుండ్రటి దీపాలు, లోపల తోలు వాసన. అలాంటిది ఊళ్లో ఇంకొకటి నేను చూడలేదు.

దాని రిపేర్లన్నీ మామయ్యే చేసుకునేవాడు. ఆదివారం పూట ఆయన కారు కింద దూరితే అత్త కూడా పక్కన చాప వేసుకుని కూర్చునేది. పనిముట్లు అందించడానికి మాత్రమే కాదు. ఇది ఎందుకు ఇలా ఉంది, అది తీస్తే ఏమవుతుంది అని అడుగుతూనే ఉండేది. ఆయనకూ చెప్పడమంటే ఇష్టం. వాళ్లకు పిల్లలు లేరు. మూలకుళం దాటిన తర్వాత జనం తిరగని రోడ్డు మీద మామయ్య అత్తకు కారు నడపడం నేర్పిస్తుంటే, వెనక సీట్లో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నది నేనే. ఈ సంగతి తెలిశాక మా తాతయ్య చాలా రోజులు అత్తతో సరిగా మాట్లాడలేదు. ఆడపిల్ల బజార్లో బండి నడపడం ఆయనకు నచ్చలేదు.

డెబ్భైల చివరిలో ఒకరోజు సాయంత్రం మామయ్య మామూలుగానే వచ్చి కారు నిలిపి, ఇంటికి పోయి, భోజనం చేసి పడుకున్నాడు. తెల్లవారి లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. అత్త పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. అంతకు ముందు వీధి వీధంతా వినపడేలా నవ్వే మనిషి, వంటింట్లో మా అమ్మ పక్కన కూర్చుని, అడిగితే తప్ప మాట్లాడని మనిషి అయిపోయింది. షెడ్డు వైపు కూడా పోయేది కాదు.

వానాకాలం మొత్తం ఆ కారు అలాగే నిలబడింది. సముద్రం గాలికి మా ఊళ్లో కిటికీ గడియలే పట్టేస్తాయి, ఇక కారు సంగతి చెప్పేదేముంది. వానలు వెలిసిన తర్వాత మా నాయనకు షెడ్డు ఖాళీ కావాలనిపించింది. ఆయనా బాబాయీ కలిసి కారును బయటికి తోయబోతే, వెనక ఎడమ చక్రం తిరగలేదు. మెకానిక్కును పిలిపించారు. ఆయన చక్రం ఊడదీసి, దాని వెనక ఇనప మూకుడులా కనపడే బ్రేకు డ్రమ్మును చుట్టూ సుత్తితో కొట్టాడు. అది కదల్లేదు గాని అంచున చిన్న పెచ్చు లేచింది. ఆయన వెంటనే సుత్తి కింద పెట్టేశాడు. మంచివాడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇంకా కొడితే పగిలిపోతుంది, ఈ కారుకు డ్రమ్ము మద్రాసులో కూడా దొరకదు, గ్యాసు పెట్టి కోసి పారేయడమే దారి అన్నాడు. కోసేస్తే ఇక కారు లేనట్టే. సోమవారం పాత ఇనుము కొనేవాణ్ణి రమ్మని, ఉన్నచోటే ముక్కలు చేయించి పంపించేద్దామని మా నాయన నిశ్చయించాడు.

అత్త గుమ్మంలో నిలబడి అంతా విన్నది. చేతిలో బియ్యం చేట. చాలా నెలల తర్వాత తనంతట తానుగా ఆమె నోరు విప్పడం అప్పుడే చూశాను.

"సోమవారం దాకా తాకొద్దు తమ్ముడా. నేను చూస్తా."

"నువ్వు చూసేదేందక్కా? మెకానిక్కే చేతులెత్తేసినాడు గదా."

"నా వల్ల కాకపోతే, ఇనుమువాడొచ్చినప్పుడు నేనే తలుపు తీసిస్తా."

మా నాయన మెకానిక్కును పంపించేశాడు. కాళ్లు పడిపోయినప్పటి నుంచి వీధి అరుగు, మా తిన్నై మీద పడక్కుర్చీలోనే ఉంటున్న తాతయ్య మొహం షెడ్డు వైపు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే అత్త మామయ్య పొట్టి చేతుల చొక్కా ఒకటి చీర మీదనే తొడుక్కుని షెడ్డులోకి వచ్చింది. నన్ను పిలిచింది. "రా పిల్లా. దీనికి ఇద్దరు కావాల" అన్నది. కారు ఒరగకుండా మిగతా చక్రాలకు రాళ్లు ఒత్తిపెట్టి, ఇరుసు కింద మొద్దు ఉన్నదో లేదో మళ్లీ మళ్లీ చూసుకున్నది. డ్రమ్ము మధ్యలో అతుకు ఉన్నచోట కిరసనాయిలూ ఇంజను ఆయిలూ కలిపి పోసింది. మర్నాటి దాకా దాన్ని నాననివ్వాలన్నది. అంతే, ఆ రోజుకు పని అయిపోయింది. కొట్టడం, లాగడం ఏమీ లేదు. నాకు చప్పగా అనిపించింది.

మర్నాడు ఆదివారం. అత్త డ్రమ్ము మీద మేకుతో గీకుతుంటే మట్టి రాలి, ఎదురుబొదురుగా రెండు చిన్న రంధ్రాలు బయటపడ్డాయి. లోపల బోల్టు పట్టే మరచుట్లు ఉన్నాయి. ఆ చుట్లకు సరిపోయే బోల్టులు వెతికి, ఒక్కొక్క దాంట్లో ఒకటి బిగించింది. బోల్టు లోపలికి పోయి వెనక ఉన్న ఇనుముకు తగులుతుంది, తగిలాక ఇంకా తిప్పితే డ్రమ్మునే ముందుకు తోస్తుంది. ఇది మామయ్య చెయ్యగా ఆమె చూడలేదట. ఎప్పుడో మాటల్లో చెప్పాడట. ఒక స్పానరు నాకిచ్చి, ఒకటి తను పట్టుకున్నది.

"నువ్వు కొంచెం, నేను కొంచెం. ముందుకు పోవద్దు, వెనకబడొద్దు. ఒక పక్కే పోతే వంకరబోయి ఇంకా బిగుసుకుంటాది."

నేను ఉత్సాహం కొద్దీ గబగబా తిప్పబోతే నా మణికట్టు మీద చెయ్యి వేసేది. అంత నెమ్మదిగా, అంత సమంగా నేను అంతకు ముందు ఏ పనీ చెయ్యలేదు. కాసేపటికి కిర్రుమని ఒక చప్పుడు వచ్చింది. డ్రమ్ముకూ దాని వెనక ఇనుముకూ మధ్య గోరు పట్టేంత సందు పడింది. నేను అత్త మొహంలోకి చూశాను. ఆమె నవ్వలేదు, కానీ కళ్లలో ఏదో కదిలింది.

ఆ తర్వాత డ్రమ్ము ఆగిపోయింది. స్పానరు మీద నా బరువంతా వేస్తానంటే అత్త వద్దన్నది. బోల్టు విరిగితే ఇక ఆ దారి కూడా మూసుకుపోతుంది. బాబాయి కాఫీ గ్లాసుతో వచ్చి, కొంచెంసేపు చూసి, నాలుగు దెబ్బలు వేస్తే వస్తాది కదక్కా అన్నాడు.

"వస్తాది. ముక్కలై వస్తాది" అన్నది అత్త.

బాబాయి వెళ్లిపోయాక ఆమె ఒక గోనెపట్టా మీద కూర్చుండిపోయింది. చొక్కా, చేతులు, నుదురు అంతా నల్లగా ఉన్నాయి. ఇక వదిలేస్తుందేమోనని నాకు భయం వేసింది. డ్రమ్ము వైపే చూస్తూ మెల్లగా అన్నది: "మన బలం చాలక కాదు పిల్లా. అది లోపల దేన్నో పట్టుకోని ఉంది. ఏం పట్టుకుందో చూడాల."

లేచి, కారు తలుపు తీసి, మామయ్య సీట్లో కూర్చున్నది. ఆయన పోయిన తర్వాత ఆమె ఆ సీట్లో కూర్చోవడం అదే మొదలు. పక్కనున్న హ్యాండు బ్రేకు లివరు పట్టుకుని పైకీ కిందికీ ఆడించింది. మెకానిక్కు వచ్చినప్పుడే దాన్ని దించేశాడు. అది ఏ పట్టూ లేకుండా వదులుగా ఆడింది. అత్త చెయ్యి ఆగింది. వెంటనే దిగి, టార్చి తీసుకుని కారు కింద దూరింది. నేనూ పక్కన పడుకున్నాను.

లివరు నుంచి చక్రానికి ఒక ఇనప తీగ పోతుంది. లివరు లాగితే ఆ తీగే బ్రేకును డ్రమ్ముకు లోపలి నుంచి ఒత్తిపట్టిస్తుంది, దించితే వదిలేస్తుంది. లివరు వైపు అది వేలాడుతూ ఉంది. చక్రం వైపు మాత్రం బిర్రుగా, తంబూరా తీగలా ఉంది. మధ్యలో అది దూరే గొట్టం తుప్పు పట్టి తీగను కరుచుకుపోయింది.

"లివరు దిగింది గాని తీగ దిగలా" అన్నది అత్త. టార్చి నాకిచ్చి, "మీ మామ ఆ పొద్దు లాగింది లాగినట్టే ఉంది" అన్నది.

వేలితో ఆ తీగను తాకి చూసింది. వెల్లకిలా పడుకుని ఉన్నందువల్ల కన్నీళ్లు చెవుల వైపు కారిపోతున్నాయి. చేతులకు గ్రీజు ఉంది, తుడుచుకోలేదు. నాకు ఏం చెయ్యాలో తెలియక టార్చి కదలకుండా పట్టుకున్నాను. ఏడుపు పూర్తయ్యాక పని మొదలుపెడుతుందనుకున్నాను. అలా కాదు. ఏడుస్తూనే చెయ్యి చాపి కటింగ్ ప్లేయరు అడిగింది. ఏడుస్తూనే తీగ చివర ఉన్న పిన్ను వంపు సరిచేసి, కొంచెం కొంచెంగా బయటికి లాగింది. పిన్ను ఊడిన మరుక్షణం చక్రం వెనక టక్కుమని ఏదో వదులైంది.

"ఇంక లే. బోల్టు తిప్పుదాం" అన్నది.

నువ్వు కొంచెం, నేను కొంచెం. డ్రమ్ము నిదానంగా ముందుకు వచ్చి, కుండ మీద మూత వచ్చినట్టు వచ్చేసింది. అత్త రెండు చేతులా ఒడిలోకి తీసుకున్నది. ఎర్రటి తుప్పు పొడి చొక్కా నిండా రాలింది. షెడ్డు గుమ్మంలో మా నాయన నిలబడి ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో తెలియదు. ఆయన వచ్చి అక్క చేతుల్లోంచి ఆ బరువు అందుకుని, పగిలిపోయేదాన్ని దించినట్టు జాగ్రత్తగా కింద పెట్టాడు.

సోమవారం వచ్చిన ఇనుము వ్యాపారికి కాఫీ ఇచ్చి పంపించింది మా నాయనే. మెకానిక్కు కొత్త తీగ వేసి, బ్రేకులన్నీ సరిచూసి ఇచ్చాడు. ఉప్పుకాగితంతో మేము రుద్దిపెట్టిన డ్రమ్మును తిప్పి తిప్పి చూసి, ఎట్ట తీస్తిరమ్మా అని అత్తను అడిగి, ఆమె చెప్తుంటే శ్రద్ధగా విన్నాడు.

కారు వీధిలోకి వచ్చిన రోజు తాతయ్య అత్తను దగ్గరికి పిలిచాడు. మూలకుళం అవతల ఆయనకు కొబ్బరి తోట ఉంది. కాళ్లు పడిపోయాక రిక్షా కుదుపులు ఓర్చుకోలేక ఆ తోట ముఖం చూడలేదు.

"తోట దాకా పోతాదా ఇది?"

"పోతాది నాయనా."

"ఆగమంటే ఆగుతాదా?"

"దానికోసమే గదా ఇంత పని చేసింది."

తాతయ్య నవ్వాడు. నాయనా బాబాయీ ఆయన్ను ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టారు. దారి పొడుగునా అత్త ఒక్క కుదుపు కూడా ఆయన నడుముకు తగలనివ్వలేదు. తోటలో చెట్ల మధ్య కారు ఆపితే, ఆయన దిగకుండానే చాలాసేపు పైకి చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి వచ్చాక ఎదురింటాయన ఎక్కడికి పోయొచ్చారని అడిగితే, "మా అమ్మాయి కారులో పిల్చుకోని పోయింది" అని చెప్పాడు. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినపడుతుంది. తర్వాత ఆ కారులో మా వీధి ఆడవాళ్లు ఎంతోమంది ఆసుపత్రికి వెళ్లారు. మాకు చేపలమ్మే ఆమె పరుగున వచ్చి చెప్తే, సముద్రం ఒడ్డున ఉన్న కురుచికుప్పం వెళ్లి నొప్పులు పడుతున్న ఆమె కూతుర్ని తీసుకుపోయింది కూడా అత్తే. అత్త నవ్వు మళ్లీ వీధికి వినపడటం మొదలైంది.

నేను టీచరునై ఎందరో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నోరు విప్పని పిల్ల క్లాసులో కనపడితే, గొంతు పెంచే ముందు, ఈ పిల్ల లోపల ఏం పట్టుకుని ఉందో చూడాలనిపించేది. అన్నిసార్లూ కనిపెట్టలేకపోయాను. చూడటం మాత్రం మానలేదు.

మా ఆయన చనిపోయిన ఏడాది, ఆయన బీరువా నేనే సర్దాను. మనసు కుదుటపడ్డాక చేద్దువులే అమ్మా అని పిల్లలు అన్నారు. అందాకా ఆగనక్కర్లేదని నాకు తెలుసు. కళ్లు వాటి పని అవి చేసుకున్నాయి, చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. రెండూ ఒకదానికొకటి అడ్డం రావని నేను కారు కింద మా అత్త పక్కన పడుకుని నేర్చుకున్నాను.