అత్తగారి ఎర్ర ఓడలు

మా అత్తగారితో గ్రహాలాట ఆడటమంటే కొరివితో తల గోక్కోవడమే. ఈ మాట కోపంలో అనడం లేదు. కోపంలో అనేవి వేరే ఉన్నాయి, వాటిని ఎవరూ అచ్చువేయరు.

ఆవిడ అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తుంది. పెళ్ళికి ముందే చేరింది. భర్త పోయాక మానలేదు, కొడుకులిద్దరూ సంపాదిస్తున్నా మానలేదు. అట్టను గీత మీద మడవడం, అంచుకి వేడి జిగురు పూయడం, ఆరేదాకా వేళ్ళతో నొక్కిపట్టడం, ఇదీ ఆవిడ పని. దుకాణంలో ఏ పెట్టె కనబడినా తిరగేసి మూల చూస్తుంది. "మన చేతిది కాదిది. చూడు, ఎలా నోరు తెరుచుకుందో" అని మూతి విరుస్తుంది. చెప్పులు కొనడానికి వెళ్ళి, పెట్టె బాగాలేదని లేచి వచ్చేసిన మనిషి!

గ్రహాలాట పెట్టె కూడా ఆవిడ అతికించిందే. కార్ఖానావాళ్ళు ఒకటి ఇంటికిచ్చారు. "కుటుంబమంతా సరదాగా ఆడుకునే అంతరిక్ష యుద్ధం" అని మూత మీద ఉంటుంది. సరదా అట, నా తలకాయ! బల్లంత అట్ట, దాన్నిండా గ్రహాలు, మధ్యలో అన్నిటినీ మింగేసే నల్లటి గొయ్యి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు అంతరిక్ష ఓడలు. వంతు రాగానే, పేకముక్కల్లాంటి ముక్కల దొంతర మీంచి ఒకే ఒక్క ముక్క తీయాలి. ఇంధనం వస్తే ఓడ కదులుతుంది, దాడి వస్తే పక్కవాళ్ళ గ్రహం లాక్కోవచ్చు. ఎర్ర ఓడలు అత్తగారివి. వాటి జోలికి వెళ్ళే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంట్లో ఏ తగువైనా ఆ బల్ల మీదే తేలాలని ఆవిడ శాసనం. "నోళ్ళతో కొట్టుకోకండి, ఓడలతో కొట్టుకోండి" అంటుంది. గెలిచినవాళ్ళ మాట నెగ్గుతుంది. ఎవరైనా దొంగాట ఆడి దొరికిపోతే, ఆ దొంగని పట్టుకున్నవాళ్ళదే పందెం. ఆ రూలూ ఆవిడ పెట్టిందే.

ఈసారి పందెం మేడమీద గది. నేను స్కూలు యూనిఫారాలు కుడతాను. నా మిషను నడవలో ఉంటుంది కాబట్టి ఇంట్లో ప్రతి కాలూ నా గుడ్డ తొక్కే వెళుతుంది. మొన్న మా బావగారు, అంటే ఆవిడ పెద్దకొడుకు, తెల్ల చొక్కాల మీద చెప్పులతో నడిచారు. స్కూలువాళ్ళు వాటిని వెనక్కి పంపి, ఇంకోసారి ఇలా వస్తే వేరే టైలరును చూసుకుంటామన్నారు. గది దొరక్కపోతే నా పని గోవిందా! ఆ గదిలో ఏమున్నాయయ్యా అంటే, అత్తగారి పాత అట్టలు, వాటిలో బొద్దింకలు. "ఊరికే ఎందుకిస్తానే? ఆడి గెలుచుకో" అంది.

ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాం. బావగారు ఓడలు సర్దుకుంటూ ఎప్పటి పాటే ఎత్తుకున్నారు.

"అమ్మా, నీ కన్నో చెయ్యో కాస్త తేడా చేసిందని తెలిసిందో, ఆ రోజే కార్ఖానా మాన్పించేస్తా."

"ముందు నీ గ్రహం సంగతి చూసుకోరా. దిక్కులేకుండా పడుంది" అందావిడ.

ఆట మొదలైంది. మా తోడికోడలు నా ఓడను నల్ల గొయ్యిలోకి తోసేసి "సారీ చెల్లీ" అని పళ్ళికిలించింది. మా ఆయన నాతో సంధి చేసుకుంటానని మాటిచ్చి, తల్లి ఒక్క చూపు చూడగానే ప్లేటు ఫిరాయించారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరిగ్గా అప్పుడే అత్తగారు ముక్క తీసింది. దాని వెనక ఇంకో ముక్క అంచు కనబడింది. గభాలున మణికట్టు పట్టుకున్నాను.

"దొంగాట! రెండు తీశారు!"

రెండో ముక్క జారి బల్ల మీద పడింది. ఆవిడ దాన్ని చూసి తెల్లబోయింది.

"అంటుకుని వచ్చుంటాయిలే. మీకు తెలియలేదా అత్తయ్యా?" అంది తోడికోడలు.

బావగారు చటుక్కున తలెత్తారు. "ఏంటమ్మా, చేతికి తెలియట్లేదా?"

అత్తగారు నిటారుగా కూర్చుంది. "తెలియకపోవడానికేం రోగం? కావాలనే తీశాను. దొంగతనమే చేశాను. గది దాని మొహాన కొట్టండి."

నేను ఊరుకుంటానా? ఇన్నేళ్ళూ ఇలాగే గెలిచారన్నమాట అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆవిడ ఎర్ర ఓడల్ని ఒక్కొక్కటే పెట్టెలో పెట్టేసి మూత వేసింది.

మర్నాడు పొద్దున్నే సామాను పైకి చేరవేయడం మొదలుపెట్టాను. ఆవిడ తిట్టుకుంటూనే తన అట్టలు కిందికి దింపుకుంటోంది. అప్పుడే కాలర్లు ఇస్త్రీ చేసి, ఇస్త్రీపెట్టెను నడవలోనే నిలబెట్టి దారాలు తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఆవిడ ఇస్త్రీపెట్టె అడుగున వేళ్ళు ఆనించి చూస్తోంది.

"చల్లగానే ఉందిగా. దారికడ్డం తీసి పైకి పట్టుకుపో" అంది.

ఆ మాట నమ్మి అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తాను. కెవ్వుమన్నాను.

"కావాలనే కాల్చారు! గది పోయిందని ఎంత అక్కసండీ మీకు!"

ఆవిడ తన వేళ్ళకేసి చూసుకుంటోంది. కొసలు ఎర్రగా కందిపోయాయి. రెండో చేత్తో వాటిని నొక్కి చూసుకుంది, మళ్ళీ నొక్కింది. తర్వాత నావైపు చూసింది. ఆవిడ కళ్ళలో భయం చూడటం నాకదే మొదటిసారి.

"ఎప్పట్నించి?" అన్నాను.

"నీకెందుకు?"

"అందరి ముందూ దొంగ అనిపించుకున్నారే! ముక్కలు అంటుకున్నాయని చెప్పొచ్చుగా!"

"ఆటలో దొంగనైతే ఎవరూ పని మాన్పించరు. వేళ్ళు చచ్చినదాన్నయితే మాన్పిస్తారు."

"అక్కడ మరిగే జిగురండీ!"

"కళ్ళున్నాయి. కళ్ళతో చూసి చేసుకుంటున్నా." చెయ్యి వెనక్కి దాచుకుంది. "పని పోతుందనేగా నువ్వు ఈ గది కోసం చచ్చావు? నీకు నేను చెప్పాలా? పెద్దాడి చెవిన వేశావో, నీ మిషను మెట్ల మీంచి దొర్లించేస్తా."

నాకు ఒళ్ళు మండిపోయింది. జాలిపడనివ్వదు, క్షమాపణ అడగనివ్వదు. ఏం మనిషండీ ఈవిడ!

మళ్ళీ ఆదివారం వచ్చింది. బల్ల మీద ఆట పరిచాం. ఆవిడ వేళ్ళకి గుడ్డ చుట్టుకుంది. బావగారు ఓడలు వదిలేసి ఆ చేతినే చూస్తున్నారు. ఆవిడ వంతు వచ్చింది, చెయ్యి దొంతర వైపు కదిలింది. నేను దొంతరను నావైపు లాగేసుకున్నాను.

"దొంగలు దీన్ని ముట్టుకోకూడదు. ఇకనించి ఆవిడ ముక్క నేనే తీసిస్తా."

"ఏయ్, అమ్మతో మాట్లాడే పద్ధతేనా అది?" అన్నారు మా ఆయన.

"దొంగతో మాట్లాడే పద్ధతిది."

బావగారు పకపకా నవ్వారు. "బాగా దొరికిపోయావమ్మా" అని తన ఓడల వైపు తిరిగారు. మళ్ళీ ఆ చేతికేసి చూడలేదు.

అత్తగారు నన్ను నమిలి మింగేలా చూసింది. "దీని నోరు పడిపోను" అంటూ అరచెయ్యి చాపింది. అందులో ఒక్క ముక్క పెట్టాను. ఆవిడ దాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ముందూ వెనకా తిప్పి చూసుకుంది. తర్వాత ఎర్ర ఓడను తోసుకుంటూ తెచ్చి నా గ్రహం మీద దింపింది.

"దాడి" అంది. "ఖాళీ చెయ్యవే."