టర్బోకి ఒక నిమిషం

పెదకాకాని మెకానిక్ జిలానీ మనుషుల మాట కన్నా ఇంజను మాటే ఎక్కువ నమ్ముతాడు. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని, లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేస్తాడు. తన పాత బుల్లికారుకి తానే టర్బో బిగించాక, ముప్పై ఏడు హార్స్‌పవర్ ఇంజను ఇప్పుడు అరవై లాగుతోందని మిరపకాయల లారీలవాళ్లను కూడా ఆపి మరీ చెప్పాడు. దానికి ఒకటే నియమం. పరుగెత్తి వచ్చిన టర్బో కాలిపోతూ ఉంటుంది కాబట్టి, నిమిషంసేపు ఇంజనును ఊరికే తిరగనిచ్చాకే ఆపాలి.

రంజాన్‌లో ఒక మధ్యాహ్నం, పని మీద వెళ్లిన కనిగిరి నుంచి ఇంటికి బయల్దేరుతూ భార్య నస్రత్‌కి ఫోన్ చేశాడు. "మూడు రోజులుగా ఒక్కదాన్నే ఒక్కపొద్దు విడుస్తున్నా. ఇవాళైనా నా పక్కన కూర్చుంటారా?" అందామె. "టర్బో ఉందిగా, అజాన్‌కి ముందే వాకిట్లో ఉంటా!" అన్నాడు. అన్నట్టే అర నిమిషం ముందే వచ్చాడు. కానీ దిగలేదు. తాళంచెవి మీద చెయ్యేసి, వాచీ చూస్తూ కూర్చున్నాడు. మసీదు మైకులో అజాన్ మోగింది. "దిగండి మహానుభావా!" అని నస్రత్ గుమ్మంలోంచి అరిచింది. "ఆగవే, టర్బో చల్లబడాలి!" ఆమె ఖర్జూరాల పళ్లెంతో వచ్చి, పక్క సీట్లో కూర్చుని, ధడాలున తలుపు వేసి, ఒక ఖర్జూరం అతని నోట్లో పెట్టింది. నిమిషం ఎప్పుడో దాటిపోయింది. జిలానీ ఇంజను ఆపడం మరిచిపోయి, రెండో ఖర్జూరానికి నోరు తెరిచాడు.