ఫోనులో తిట్లు

దక్షిణాఫ్రికాలో అందరూ తొలిసారి ఓటేసిన మరుసటేడు, ఆంధ్రా నుంచి ఉద్యోగానికి వెళ్లి స్టాంగర్‌లో, తాతలనాడే వలసొచ్చిన ఒక తెలుగు పెద్దమ్మ ఇంట్లో అద్దెకు దిగాను. ఆవిడకు తెలుగులో మిగిలినవి తిట్లే. కుక్కల షెల్టరులో ఎవరూ కోరని ముసలి కుక్కను, ఎవరైనా తీసుకునేదాకా అని తెచ్చుకుని, ముద్దముద్దకీ తిట్టేది. అది తోకాడిస్తూ తినేది.

చివరికి లేడీస్మిత్ ఊరి దంపతులెవరో పట్టుకెళ్లారు. వాళ్లు ముద్దుచేస్తే అది మంచినీళ్లయినా ముట్టలేదట. తిరిగి షెల్టరుకే పంపేస్తామని ఫోను చేశారు. పెద్దమ్మ రిసీవరు దాని చెవి దగ్గర పెట్టించింది.

"సిగ్గులేని సచ్చినోడా! ఫుడ్డు వేస్టు చేస్తావా? తిను!"

తినేసింది. ఇక రోజూ సాయంత్రం అదే ఫోను.

ఒకరోజు వాళ్లు, తిట్టకుండానే తింటోందని సంబరంగా చెప్పారు. ఆ రాత్రి పెద్దమ్మ కంచం ముందు అన్నం ముట్టకుండా కూర్చుంది.

నేను గొంతు సవరించుకున్నాను.

"సిగ్గులేని ముసలిదానా! ఫుడ్డు వేస్టు చేస్తావా? తిను!"

ఆవిడ నన్ను ముద్దుగా చూసి, అన్నం కలిపింది.