వేరే చాసీ మీద మా కేబిన్

సినిమా సెట్లకు ప్లైవుడ్డూ, స్తంభాలూ, సింహాసనాలూ మోసే లారీ ఒకటి నాకుండేది. ఏలూరు వైపు నుంచి భార్యతో ఫిల్మ్‌నగర్ బస్తీకి వచ్చిన కొత్తలో పాతదే కొనుక్కున్నాను. కేబిన్‌కు నేను నీలం రంగు వేస్తే, మా ఆవిడ రెండు తలుపుల మీదా తెల్ల పావురాలు గీసింది. చర్చి గోడల మీద బొమ్మలు వేసిన చెయ్యి ఆమెది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ పోలీసు నన్ను "పావురాల బండీ" అనే పిలిచేవాడు.

ఒక వానాకాలం కొండ దిగుతుంటే వెనక చక్రం గుంటలో పడి, బండిని మోసే కింది ఇనుప చట్రం, చాసీ, విరిగింది. అతికించినా బరువు మోయదని మెకానిక్ తేల్చేశాడు. ఇంజనూ చక్రాలూ పాత సామాన్లవాళ్లు పట్టుకుపోయారు. కేబిన్ మాత్రం ఇవ్వబుద్ధి కాక ఇంటి ముందు దుంగల మీద పెట్టుకున్నాను.

కొన్నాళ్లకు, అంతకుముందు నాతోపాటు లోడ్లు వేసిన బోరబండ స్నేహితుడి లారీ మీద ఓ స్టూడియోలో సెట్టు గోడ కూలింది. టీ తాగడానికి దిగి ఉండబట్టి మనిషి బతికాడు. కేబిన్ నుజ్జయింది. కింద చాసీ, ఇంజను చెక్కుచెదరలేదు.

మర్నాడే మా ఇంటికొచ్చాడు. దుంగల మీది కేబిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నా, గిది నాకిస్తవా? నా బండి మీద కూసోవెడ్త. కిరాయిలు బందైనయ్, ఇంట్ల మస్తు తిప్పలైతుంది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ, "తీసుకెళ్లు తమ్ముడూ, వానకు తడిసి పాడైపోతోంది" అంది.

మోతీనగర్ షెడ్డులో బిగించేటప్పుడు నేనూ వెళ్లాను. కేబిన్‌ను గొలుసులతో పైకి లేపి, కిందికి అతని చాసీని నెట్టుకొచ్చి మెల్లగా దించితే, బోల్టు రంధ్రం ఒక్కటీ కలవలేదు. అతని చాసీ వెడల్పు. పాత బ్రాకెట్లు కోసేసి కొత్తవి వెల్డింగ్ చేశారు, మధ్యలో రబ్బరు దిమ్మలు పెట్టారు. స్టీరింగ్ దిగడానికి కేబిన్ నేలరేకును వేరే చోట కోస్తుంటే ఆ చప్పుడు వినలేక బయటికొచ్చి నిలబడ్డాను. అంతా అయ్యాక అతను నా సీట్లోకి ఎక్కి హారన్ కొట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా కడుపులో మంట మొదలైంది అప్పుడే.

కాగితాల్లో చాసీ నంబరే బండి. కాబట్టి బండి అతనిది.

నేను షూటింగులకు కరెంటిచ్చే జనరేటర్ వ్యాన్ మీద జీతానికి చేరాను. రోజూ ఎక్కడో ఒకచోట ఆ నీలం కేబిన్ ఎదురొచ్చేది. అతను సంతోషంగా చెయ్యి ఊపేవాడు. బండి ముందు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు గానీ పావురాల జోలికి పోలేదు, రోజూ శుభ్రంగా తుడిచేవాడు. అవి మెరుస్తుంటే నాకు ఇంకా ఒళ్లు మండేది. పాడుచేసి ఉంటే కనీసం తిట్టుకునేవాణ్ణి.

ఓ సినిమావాళ్లు హీరో నడిపే లారీగా దాన్నే తీసుకున్నారు. మాట్నీకి వెళ్లాం. తెర మీద తన పావురాలు కనిపించగానే మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వచ్చేటప్పుడు దారి పొడుగునా "ఎంత బాగా ఉంచుకున్నాడండీ" అంటూ అతన్నే మెచ్చుకుంది.

నా మొహం చూసి, "కుళ్లు" అంది నవ్వుతూ. "మనింటి ముందు తుప్పు పట్టిపోతే మీకు హాయిగా ఉండేదా?"

"ఉండేది" అన్నాను.

ఆమె నవ్వు ఆపేసింది.

ఆ ఎండాకాలం అతనికి టైఫాయిడ్ వచ్చింది. టోలిచౌకి గోదాము నుంచి ఫిల్మ్‌నగర్‌కు సెట్టు సామాను చేర్చాల్సిన పని ఒప్పుకుని ఉన్నాడు. అతని భార్య తాళాలు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అన్నా, మీరే నడపాల్నంట. వేరేటోళ్ల చేతికి ఇయ్యనంటున్నడు."

వెళ్లి ఎక్కాను. సీటు బాగా ముందుకుంది, మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. వెనక్కి జరుపుకున్నాను. చెయ్యి అలవాటుగా వెళ్లిన చోట గేరు లేదు. క్లచ్చు తేలిక. చుట్టూ ఉన్న రేకు, అద్దం, తలుపు అన్నీ నాకు తెలిసినవే, కింద నుంచి వచ్చే ఊపు మాత్రం నేనెరగనిది. ఫిల్మ్‌నగర్ ఎత్తు మీద నా లారీ సగం లోడుకే రొప్పేది. ఇది నిండు లోడుతో ఆగకుండా ఎక్కేసింది. ఇన్నాళ్లూ అతను నా బండి నడుపుతున్నాడని రగిలిపోయాను. నా బండి ఎప్పుడో పోయింది. పైన కూర్చుని, కోపంగానూ దిగులుగానూ, ఆ సంగతి ఒప్పుకున్నాను.

అతను కోలుకునేదాకా నేనే నడిపాను. ఆఖరి రోజు బోరబండలో వాళ్లింటి ముందు ఆపి, సీటు మళ్లీ ముందుకు జరిపి దిగాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నాడు, బాగా చిక్కిపోయాడు.

"ఎట్లుందన్నా బండి?"

"నా దానికంటే బాగా ఎక్కుతోంది" అన్నాను.

ఆ నీరసంలోనూ అతని మొహం విప్పారింది. భార్యను పిలిచి, "ఇన్నవా, అన్న ఏమంటున్నడో" అన్నాడు.

ఆ తర్వాత కూడా ఆ కేబిన్ ఎదురొస్తే లోపల చురుక్కుమనేది. చెయ్యి మాత్రం నేనే ముందు ఊపేవాణ్ణి.